తొమ్మిది రోజుల కూర

"ఆగు! ఆ ముద్ద నోట్లో పెట్టకు!"

వంటగది గుమ్మంలో ఇన్‌స్పెక్టరు గారి కేక ముగియకముందే ఆయన భార్య ఆ ముద్దను నమిలి మింగేసింది. చివరి ముద్ద అది. బల్ల మీది గాజుపెట్టె అడుగున నూనె మరక తప్ప మరేమీ మిగలలేదు. మూత మీద మాత్రం ఆయన స్వదస్తూరితో చీటీ ఉంది: 'బంగాళాదుంప కూర, నాలుగో తారీకు.'

ఆ రోజు పదమూడు.

"అంతా తిన్నావా?"

"తిన్నాను. ఏం, మీకు మిగల్చలేదనా?" అంటూ ఆమె వేళ్ళు నాకింది.

ఆయన మూత అందుకుని తేదీ మళ్ళీ చదివారు. ముప్పయ్యేళ్ళు ఆహార తనిఖీ శాఖలో పనిచేసిన మనిషి. వండినది ఫ్రిజ్‌లో మూడు రోజులు, నాలుగో రోజు చెత్తబుట్టలో. ఆ ఇంట అదే శాసనం. ప్రతి పెట్టెకూ తేదీ చీటీ అంటించవలసిందే. చుట్టుపక్కల వాటాలవారు ఆయనను చాటుగా 'తేదీల తాతగారు' అనేవారు.

సరిగ్గా నాలుగో తారీకునే గొడవ జరిగింది. మరదలు వండి పంపిన గిన్నెడు పప్పుకు గడువు తీరిందని, ఆ మరదలు హాల్లో కూర్చుని ఉండగానే, ఆయన సింకులో కుమ్మరించారు. "ఊరి వంటలన్నీ పారబోయించారు, చాలదా? మావాళ్ళ వంట కూడా మీ కంటికి కేసేనా?" అన్నది భార్య. ఆయన 'ఇకపై ఈ ఫ్రిజ్‌తో నాకు సంబంధం లేదు' అని ఒక కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. నాటి నుంచి తనిఖీ లేదు, మాటా లేదు. ఉప్పు ఎక్కువైతే ఒక చీటీ, గడియ వేయాలంటే మరొక చీటీ. "చెరువు మీద అలిగినవాడి సామెత ఊరికే పుట్టలేదు" అని ఆమె గొణుక్కున్నా ఆయన పెదవి విప్పలేదు.

తొమ్మిది రోజుల తరువాత ఆయన నోటి నుంచి వెలువడిన మొదటి మాట ఈ కేకే.

ఆయన పెట్టెను తాకి చూశారు. గోరువెచ్చగా ఉంది.

"బయట ఎంతసేపు ఉంచావు?"

"ఏమో, పొద్దుటినుంచీ బల్ల మీదే ఉంది."

సింకులో నూనె మూకుడు కనబడింది. "వేడి చేస్తే సరిపోతుందనుకున్నావా? సూక్ష్మజీవి చచ్చినా అది కక్కిన విషం చావదే!"

"వాసనేం రాలేదండీ."

"రాదు! అదే దాని మోసం!"

సరిగ్గా ఆమె అన్న మాటే ఒకనాడు ఒక క్యాంటీను వంటవాడు అన్నాడు. వాసనేం రాలేదు బాబూ, నేనూ అదే తిన్నాను అని. మరునాడు ఆయన నివేదికలో ఆ వంటవాడి పేరు కూడా రాయవలసి వచ్చింది, మృతుల వరసలో.

ఆయన కబురందుకుని కింది అంతస్తులోని డాక్టరమ్మ వచ్చింది. నాడి చూసింది, పొట్ట నొక్కి చూసింది. గాజుపెట్టెను వాసన చూసి, సింకు వైపు ఒకసారి చూసి, రోగి ముఖంలోకి కాసేపు తదేకంగా చూసింది.

"ఎన్నాళ్ళయింది?"

"తొమ్మిది రోజులు డాక్టరమ్మా" అన్నది ఆమె నీరసంగా.

డాక్టరమ్మ గొంతు సవరించుకున్నది. "సాయంత్రం దాకా కనిపెట్టి ఉండండి బాబాయిగారూ. మగత రానివ్వకండి. మాట్లాడిస్తూనే ఉండాలి. మీరు ఆపితే నా పూచీ లేదు."

ఆయన భార్యను మంచం మీద పడుకోబెట్టి, పక్కన కుర్చీ వేసుకుని ఆమె మణికట్టు పట్టుకున్నారు. గోడ గడియారం ముల్లు ఒంటిగంట దాటింది. కొన్ని విషాలకు గంట చాలు. కొన్నిటికి మూడు రోజులు. అన్నీ ఆయనకు కంఠస్థమే. ఆ చదువు అబ్బకపోయినా బాగుండేదని మొదటిసారి అనిపించింది.

"ఏం మాట్లాడమంటావు?"

"ఏదైనా. పోనీ, తిట్టండి."

"నేను ఎప్పటిలాగే ఫ్రిజ్ చూసి ఉంటే ఆ పెట్టె ఏనాడో చెత్తబుట్టలో ఉండేది. నా పంతమే నీ మీదికి తెచ్చింది" అన్నారు. ఆమె కళ్ళు మూసుకున్నది. "పడుకోకు! పలుకు!"

"పలుకుతూనే ఉన్నానండీ."

"మీ చెల్లెలి ఎదుట అలా పారబోయడం తప్పే. ఒప్పుకుంటున్నాను."

"సరిగ్గా వినబడలేదు. చెవులు గింగురుమంటున్నాయి. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పారు, గొంతు పెంచి. అప్పుడామె గోడ వైపు తిరిగి పొట్ట పట్టుకున్నది. భుజాలు అదిరాయి. కంటి కొసల నీళ్ళు కూడా వచ్చాయి. కడుపులో మెలిపెట్టడం మొదలైందనుకుని ఆయన మంచం మీదికి వంగారు.

"నువ్వు లేకపోతే ఈ కొంపలో నేను ఎవరికి తేదీలు రాయాలే?" అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో అంతకు మించిన మాట ఆయన ఎన్నడూ అనలేదు.

భుజాలు ఆగాయి. ఆమె ఆయన చేయి గట్టిగా పట్టుకున్నది, వదలలేదు.

ఆరు గంటలకు లేచి కూర్చుని, "ఆకలేస్తోంది" అన్నది.

ఆయన పరుగున వెళ్ళి ఫ్రిజ్ తలుపు మీది కాగితాన్ని నాలుగు ముక్కలుగా చించారు. జావ కాయడానికి, ఎన్నడూ తాకని పొయ్యిని తానే వెలిగించారు. పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా, డాక్టరమ్మ ఆపమనలేదు గనుక, మాట్లాడుతూనే ఉన్నారు.

ఆమె ఆయన వెనకాలే నిలబడి, గాజుపెట్టె కడిగి, మూత మీది చీటీని గోటితో మెల్లగా ఒలిచింది.

ఆ పెట్టెలో పాతది ఆ చీటీ ఒక్కటే.