ఇసుక మీద రాళ్ళు

"లోపలికి రా నాన్నా, ఒక్క నిమిషం. నీకొకటి చూపించాలి," అంది బ్రానీ, బండి కిటికీలోంచి తల దూర్చి.

డారిల్ ఇంజను ఆపలేదు. లినెట్ తనని వదిలేసి నీల్‌ని పెళ్ళి చేసుకున్నాక, ప్రతి శనివారం కూతురిని తీసుకెళ్ళడానికి ఈ ఇంటికి వస్తూనే ఉన్నాడు గానీ, ఏనాడూ గేటు దాటలేదు. హారన్ కొట్టడం, పిల్ల ఎక్కడం, వెళ్ళిపోవడం. ఆస్ట్రేలియాలోని ఆ బెండిగో ఊళ్ళో విడిపోయిన తండ్రులు చాలామంది చేసే పనే.

"ఏముంది లోపల?"

"చేపల తొట్టి. కొత్తది. నాలుగడుగులది!"

డారిల్ ఇంటి వైపు తల తిప్పి చూశాడు. ఊళ్ళో చేపలు పెంచేవాళ్ళ క్లబ్బుకి పెద్ద తలకాయ అతనే. బ్రానీ పుట్టకముందు నుంచీ అతని హాల్లో ఆరడుగుల తొట్టి ఉంది. పాకే వయసులో ఆ అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్న పిల్లని అన్నం తినిపించడానికి కూడా లేపలేకపోయేవాళ్ళు. భార్య పోయింది, సరే. పద్నాలుగేళ్ళ కూతురు వారమంతా వాడింట్లోనే ఉంటోంది, అదీ సరే. ఇప్పుడు చేపలు కూడా వాడికేనా? ఇంజను కట్టేసి దిగాడు.

హాల్లో నీల్ టీ కప్పుతో నిలబడి ఉన్నాడు. స్కూలు బస్సు నడుపుతాడు, మెత్తని మనిషి. ఆ మెత్తదనమే డారిల్‌కి గిట్టదు.

"రా డారిల్. టీ పెట్టమంటావా?"

"అక్కర్లేదు."

తొట్టి నిజంగానే బాగుంది. తెల్లని ఇసుకలోంచి ఇటుకరంగు బండరాళ్ళు కొండలా లేచి ఉన్నాయి. వాటి సందుల్లో పసుపు చేపలు, నీలం చేపలు. డారిల్ కళ్ళల్లో ఎవరో నిప్పులు పోసినట్టయింది.

"ఎలా ఉంది? నిజం చెప్పు నాన్నా. ముందు అది చెప్పు, తరవాత నేనొకటి చెప్తా," అంది బ్రానీ గోరు కొరుక్కుంటూ.

అతను వంగి పక్క అద్దంలోంచి చూశాడు. అడుగున ఉన్న పెద్ద రాయి కింద ఒక పసుపు చేప నోటితో ఇసుక తీసి బయటికి ఊస్తోంది. రాయికీ అడుగు అద్దానికీ మధ్య అంతా ఇసుకే. అప్పుడే రాయి ఒక పక్కకి ఒరిగింది కూడా. డారిల్ ప్రాణం లేచొచ్చింది.

"ఇసుక ముందు పోసి దాని మీద రాళ్ళు పెట్టారా?"

"అలా కాదా?"

డారిల్ పకపకా నవ్వాడు. "ఎవడమ్మా ఆ మహానుభావుడు? ఇవి తవ్వే చేపలు. కింద ఇసుక లాగేస్తే రాయి దొర్లుతుంది, దొర్లితే అద్దం పగులుతుంది, నీళ్ళన్నీ మీ కార్పెట్టు మీదే! ముందు అడుగున ప్లాస్టిక్ జాలీ పరిచి, దాని మీద రాళ్ళు కుదురుగా కూర్చోబెట్టాలి. ఇసుక ఆఖర్న, చుట్టూ పొయ్యాలి. ఇది తెలీని బుద్ధిహీనుడికి తొట్టెందుకు?"

బ్రానీ ముఖం ఎర్రబడింది. నీల్ ఆ పిల్ల వంక ఒకసారి చూసి, కప్పు బల్ల మీద పెట్టాడు.

"నేనేలే. నాకు తెలీదు డారిల్. ఎలా సరిచెయ్యాలో చెప్పు, చేద్దాం."

అక్కడితో ఆగేవాడేమో. కానీ కూతురి కళ్ళల్లో నీళ్ళు కనిపించాయి. వాణ్ణి ఒక్క మాటంటే దీనికింత పొడుచుకొచ్చిందా! లినెట్ వెళ్ళిపోయి తను ఒంటరిగా మిగిలినప్పుడు ఈ కన్నీళ్ళు ఏమయ్యాయి? డారిల్‌కి ఒళ్ళు మండిపోయింది.

"పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది. ఎక్కడో మంచి తొట్టి చూశావు, కాపీ కొట్టావు. పైకి కనబడేదే చూస్తే సరా? కాస్త బుర్ర కూడా ఉండాలి బాబూ."

"డారిల్, ఇక చాలు," అంది వంటింట్లోంచి లినెట్.

"నిజం చెప్తే అందరికీ చేదే!"

క్లబ్బు పనులకని జాలీ బండిలో ఎప్పుడూ ఉంటుంది. తెచ్చాడు. చేపల్ని బకెట్లలోకి మార్చి, రాళ్ళన్నీ పైకి తీసి, ఇసుక తోడించాడు. అతను చెప్పింది చెప్పినట్టు నీల్ చేశాడు. పెద్దవి కింద, చిన్నవి పైన, ఏదీ అద్దానికి ఆనకుండా.

"ఇప్పుడు ఊపి చూడు. కదిలిందా?"

"లేదు."

"అదీ లెక్క! ఇక ఇసుక పొయ్యి."

"చాలా థాంక్స్ డారిల్. మా కొంప ముంచకుండా కాపాడావు," అన్నాడు నీల్ మనస్ఫూర్తిగా. ఈ ఇంట్లో గెలిచిన మొదటి రోజు ఇదే అనుకున్నాడు డారిల్.

బ్రానీ మాత్రం అంతసేపూ దగ్గరికి రాలేదు. భుజాన సంచి తగిలించుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

బండి మెయిన్ రోడ్డెక్కాక డారిల్ ఈల వేశాడు. "బేకరీ దగ్గర ఆగుదామా? నీకిష్టమైన, మాంసం కూరిన 'మీట్ పై' తిందువుగాని."

"వద్దు."

"ఏమిటే ఆ మూతి ముడుచుకోవడం? ఆ బస్సు డ్రైవర్ని నాలుగు మాటలన్నాననా? అంత ప్రేమా వాడి మీద? వాడు పేర్చిన రాళ్ళు పడిపోకుండా చూసింది నేనే కదా!"

బ్రానీ కిటికీ వైపు నుంచి ముఖం తిప్పలేదు.

"అవి పేర్చింది నేను నాన్నా, మన తొట్టి చూసి."