చున్నీ మాటున

"చున్నీ తియ్యమ్మా."

ఆమె తియ్యలేదు. రెండు చేతులూ గుండెల మీద అడ్డం పెట్టుకుని బల్ల అంచున కూర్చుంది.

"తియ్యి తల్లీ. ఇక్కడ మనిద్దరమే కదా!" అంది పెద్ద డాక్టరమ్మ.

ఈ ఊళ్లో తననెవరూ గుర్తుపట్టరనే ఆమె అంత దూరం బస్సులో వచ్చింది. బయట పేరడిగితే అత్తగారి పేరు చెప్పింది. ముఖానికి కట్టుకున్న గుడ్డ ఈ గదిలోకి వచ్చాకే విప్పింది.

చిన్నప్పుడు బళ్లో ఆమెను "పలక" అనేవాళ్లు. ముందూ వెనకా ఒకటేనట. ఆ నవ్వులకి భుజాలు ముందుకు వంచి నడవడం అలవాటైంది. పెళ్లయినా ఆ వంపు పోలేదు. దీపం ఆర్పితేగాని భర్తను దగ్గరికి రానిచ్చేది కాదు. చీకట్లో కూడా అతని చెయ్యి పైకి వస్తే పట్టుకుని ఆపేసేది.

"నేనంటే నీకిష్టం లేదేమో" అన్నాడతను ఒకసారి. ఆమె దుప్పటి మెడదాకా లాక్కుని అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత అతను అడగడం మానేశాడు.

ఒకరోజు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. శనగగింజంత. తువ్వాలు చుట్టుకుని, ఏమీ తగలనట్టే బయటికొచ్చింది.

వానలు వెళ్లి చలి వచ్చింది. చలి వెళ్లి ఎండలొచ్చాయి. ఆ గింజ మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. ఉన్నచోటే ఎదిగింది.

డాక్టరమ్మ వేళ్లు మెల్లగా చుట్టూ తిరిగాయి. అవి ఎక్కడ ఆగుతాయో ఆమెకు తెలుసు. కళ్లు మూసుకుంది.

ఆగాయి. చంక కిందికి జరిగాయి. అక్కడా ఆగాయి.



"ఎన్నాళ్లయింది?"

"మొన్నీమధ్యేనండి."

"నా దగ్గర కూడా అబద్ధమేనా? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నావు కదే పిచ్చితల్లీ! అమ్మకో అక్కకో చెప్పుకోకపోయావా?"

"సిగ్గేసిందండి."

"మీ ఆయనకి?"

తల అడ్డంగా ఊపింది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది. గొంతు తగ్గించింది. "నిన్నని ఏం లాభంలే. ఇలాంటివి ఆడపిల్లలకి విడమర్చి చెప్పేవాళ్లేరీ? రేపే ముక్క తీసి పరీక్షకి పంపాలి. మీ ఆయన్ని వెంటబెట్టుకుని రా. ఒక్కదానివే రావద్దు."

ఆ చివరి మాటతో ఆమెకు అంతా అర్థమైపోయింది. చున్నీ నిండుగా కప్పుకుని, బయటికొచ్చి బెంచీ మీద కూలబడింది.

ఆమె సంచిలో ఫోను మోగింది. "హలో" అనేలోపే అటునుంచి ఓ ఆడగొంతు హుషారుగా అందుకుంది.

"డాక్టరుగారూ, రేపు మీ క్లాసుకి కాలేజీ అమ్మాయిలంతా వస్తున్నారు, రొమ్ములో గడ్డ తగిలితే సిగ్గుపడి దాచొద్దని పోయిన ఏడాదిలాగే వాళ్లకి గట్టిగా చెప్పాలండీ!"