ఆమోసు బతిమాలిన చోటు

కల్లు చుక్కలు సరిగ్గా ఆమోసు గ్రంథం మీద పడ్డాయి.

మంగిహుత్ బైబిలు లాక్కుని చొక్కాతో తుడిచాడు. "చూసుకోవద్దా, పెద్దాయనా?"

"కల్లు దుకాణంలో బైబిలు తెరిచింది నువ్వు. చూసుకోవాల్సింది నేనా?"

ఎదుటి బల్ల మీది మనిషి నవ్వాడు. నెరిసిన గడ్డం, మసి వదలని లారీ డ్రైవరు చేతులు, మెడ చుట్టూ వెలిసిపోయిన ఉలోస్ శాలువా.

సరస్సు మధ్యనున్న సమోసిర్ దీవి రేవులో కూర్చోవడానికి వేరే చోటు లేదు. ఆఖరి పడవ ఐదింటికి. మర్నాడు పొద్దున్నే అవతలి ఒడ్డున, పాస్టర్లను తయారుచేసే కాలేజీలో మంగిహుత్‌కు ఇంటర్వ్యూ.

ఇక్కడి బతక్ తెగ మనిషి కొత్తవాణ్ణి చూస్తే ముందు అడిగేది ఒక్కటే. మంగిహుత్ కూడా అదే అడిగాడు.

"ఇంటిపేరు?"

"తాగేవాడికి ఇంటిపేరెందుకు? నీదేంటి?"

"సినగ. మా అమ్మ మానిక్‌ల ఆడపడుచు."

ఆయన గ్లాసు ఖాళీ చేశాడు. "సంచీ లేదు, సాగనంపేవాళ్ళు లేరు. పారిపోతున్నావా?"

"పాస్టర్ల కాలేజీకి వెళ్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. మేనమామ ఉలోస్ కప్పి దీవించందే గడప దాటకూడదంది. ఆయన అదే కాలేజీ మధ్యలో వదిలేశాడు. తాతయ్య ఇంట్లోకి రానివ్వలేదు. నేను పుట్టకముందు సంగతి. ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు."

"మానిక్‌లలో ఇంకెవరితోనైనా కప్పించుకోవచ్చుగా! ఆచారం ఒప్పుకుంటుంది."

"సొంత అన్న ఎక్కడో బతికుండగా అద్దె మేనమామ వద్దంది."

దుకాణమంతా గొల్లున నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"సరే, పాస్టరుగారూ. దేవుడు నిన్ను పిలిచాడని ఎలా తెలుసు? కలొచ్చిందా?"

"లేదు."

"స్వరం వినిపించిందా?"

"లేదు."

"మీవాళ్ళు నిన్ను దేవుడికి మొక్కుకున్నారా?"

"అదీ లేదు."

"మరి ఏం చూసుకుని పడవెక్కుతున్నావ్? చదువు. ఆమోసు ప్రవక్త ఏం చూసుకుని జనం ముందుకు వెళ్ళాడో చదువు."

మంగిహుత్‌కు ఒళ్ళు మండింది. అయినా చదివాడు. గొర్రెల వెనక తిరిగేవాణ్ణి దేవుడే తీసుకొచ్చాడన్న మాట దగ్గర ఆగాడు.

"అది నాకూ తెలుసు," అన్నాడాయన. "గుడి పూజారి ఊరొదిలి పొమ్మన్నాక ఆమోసు ఇచ్చిన జవాబది. రేపు మీ సంఘమే నిన్ను పొమ్మంటే? నువ్వేం చెబుతావ్?"

మంగిహుత్ అదే వాక్యం మళ్ళీ చూసుకున్నాడు.

"అంటే సరిగ్గా చదవలేదన్నమాట."

మంగిహుత్ పళ్ళు బిగించి అధ్యాయం మొదటికి వెళ్ళాడు. ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివాడు. రేవులో పడవ కూత వేసింది. తల ఎత్తలేదు.

"దొరికింది!"

"ఏంటి?"

"పూజారి రాకముందే ఉంది. పంట మీదికి మిడతలు రావడం చూడగానే ఆమోసు బతిమాలాడు. వీళ్ళు తట్టుకోలేరు, క్షమించమన్నాడు. నిప్పు కనిపిస్తే మళ్ళీ బతిమాలాడు. జనం మీద అరిచేముందు జనం కోసం అడుక్కున్నాడు. పిలుపు అక్కడుంది, పెద్దాయనా. మనిషి పాడైపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోవడం!"

ఆయన బైబిలు తనవైపు తిప్పుకుని ఆ పేజీ మీదికి వంగాడు.

"నాకెప్పుడూ ఆ పూజారే కనిపించాడు," అన్నాడు చివరికి. "సరే, నువ్వెవరి కోసం అడుక్కున్నావ్?"

"మా మామ కోసం. చిన్నప్పట్నుంచీ, రోజూ. ఆయన ముఖం కూడా తెలీదు."

దుకాణం ఆవిడ కల్లు పోయబోయింది. ఆయన గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

రెండో కూత వినిపించింది.

"వెళ్తావా?"

"వెళ్తాను. ఎవరు కప్పినా, కప్పకపోయినా."

ఆయన లేచి తన శాలువా మంగిహుత్ భుజాల మీద కప్పాడు. రెండు చేతులతో గట్టిగా ఒత్తాడు.

"సరస్సు మీద చలి. ఉంచుకో."

వెనక్కి చూడకుండా లారీ వైపు నడిచాడు.

మంగిహుత్ పడవలో కాలు పెట్టేసరికి తల్లి తియోమినా రొప్పుతూ వచ్చి రెక్క పట్టుకుంది.

"దిగరా! మీ మామా ఇలాగే తొందరపడి వెళ్ళాడు. ఏమైంది? దిగు ముందు!"

"దిగనమ్మా. నా పిలుపేంటో నాకు తెలిసిపోయింది."

మళ్ళీ లాగబోయిన ఆమె వేళ్ళు శాలువా అంచు దగ్గర ఆగిపోయాయి.

"ఇదెక్కడిది?"

"ఎవరో లారీ డ్రైవరు. చలేస్తుందని కప్పాడు. ఇంటిపేరు అడిగితే చెప్పలేదు."

తియోమినా అంచున ఉన్న ఎర్రదారం మాసికను బొటనవేలితో తడిమింది. కొండదారి వైపు తిరిగి చూసింది. లారీ లేదు, దుమ్ము మాత్రం ఇంకా అణగలేదు.

కొడుకు చెయ్యి వదిలేసింది.

"వెళ్ళిరా నాన్నా. ఈ మాసిక, మా అన్న కాలేజీకి బయల్దేరిన రోజు నేను వేసిందే."