తుపాకి అడిగే మాట

మాజీ హవల్దారు సింహాద్రప్పడు పొద్దున్నే గోడమీది తుపాకిని దించాడు. "మీరు ఏ పార్టీ, హవల్దారు గారూ?" అని అది రోజూలాగే అడిగింది.

"ఏ పార్టీ కాదు," అనగానే దాని తాళం తెరుచుకుంది. ఏ పక్షమూ లేని మాజీ సైనికులకే తుపాకి ఉండాలని చట్టం వచ్చి చాలాకాలమైంది.

ఊళ్లో పెళ్లి భోజనాలు కూడా పార్టీల వారీగానే. అతనికి ఎవరి విస్తరీ లేదు.

పక్కింటి పైడమ్మ గుమ్మంలోకి వచ్చింది. "మావోడి పెళ్లి బావా. మా పార్టీయేనని ఒక్క మాట అను, ఇస్తరేసేత్తాను."

ఆ మాట తుపాకి వింటే సాయంత్రానికల్లా పోలీసులు దాన్ని పట్టుకుపోతారు. ఆ ఇంట్లో అతన్ని పలకరించేది అదొక్కటే. సింహాద్రప్పడు తల అడ్డంగా ఊపాడు. పైడమ్మ వెళ్లిపోయింది.

పెళ్లిసన్నాయి మొదలైంది. తుపాకిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"కూడు తిన్నావా అని అడగవే," అన్నాడు.

"మీరు ఏ పార్టీ, హవల్దారు గారూ?" అంది తుపాకి.