గాడిదలాయన కబురు

కంచరగాడిదలు తోలే మనిషి సరిహద్దు చౌకీకి రావడం ఆ వారంలో అది మూడోసారి.

"పెద్ద సారుతో మాట్లాడాలయ్యా."

"ఊళ్లో లేరు. నాకు చెప్పు," అన్నాడు గస్తీ హవల్దారు.

గేటు పక్కన కూర్చున్న కూలీల వంక ఓసారి చూసి ఆయన గొంతు తగ్గించాడు.

"ఆయనకే చెప్పాలయ్యా."

హవల్దారుకు ఒళ్లు మండింది. నాలుగు నెలలుగా కొండల వెంట తిరిగి తిరిగి కాళ్లరిగాయి. తిరుగుబాటుదారులకు తుపాకులు చేరవేసే ముఠా ప్రతిసారీ వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. పైనుంచి రోజూ చీవాట్లే. ఇప్పుడు ఈ గాడిదలాయనొకడు.

"నా బుర్ర తినకు. మళ్లీ ఇక్కడ కనిపిస్తే లోపలేస్తా."

ఆయన "సరేనయ్యా," అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం వాగు మలుపులో ముఠా ఎదురుపడింది. పది పన్నెండు మంది, నాలుగు కంచరగాడిదలు.

ఆగమనే లోపే అటునుంచి కాల్పులు మొదలయ్యాయి. గస్తీవాళ్లు ఏడుగురే. బండల వెనక నక్కారు.

కాసేపటికి అటువాళ్ల తూటాలు నిండుకున్నట్టున్నాయి. గాడిదల మీది పెట్టెలు పగలగొట్టి కొత్త తుపాకులు తీసి, అందులోని తూటాలే నింపి గురిపెట్టారు.

"అయిపోయాం సార్," అన్నాడు పక్కనున్న సిపాయి.

ఒక్క తుపాకీ పేలలేదు.

ముఠావాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. సరుకంతా అక్కడే పడేసి సరిహద్దు అవతలికి పరుగందుకున్నారు.

ఒక్కడు మాత్రం ఇటువైపు పరిగెత్తుకొచ్చాడు. చేతులెత్తాడో, చేతిలో ఏమైనా ఉందో ఆ దుమ్ములో తెలియలేదు.

హవల్దారు కాల్చాడు.

దగ్గరికెళ్లి చూస్తే గాడిదలాయన.

"ఇందుకా చౌకీ చుట్టూ తిరిగింది? మన ఆనుపానులు కనిపెట్టడానికి," అన్నాడు హవల్దారు పళ్లు కొరుకుతూ.

మధ్యాహ్నం చౌకీలో ఆయుధాల మెకానిక్కు తుపాకులు విప్పి చూశాడు.

"ఒక్కదాంట్లోనూ పిన్ను లేదు సార్."

"పిన్నంటే?"

"తూటాను వెనకనుంచి కొట్టే ఇనప పుల్ల. అది లేకపోతే ఇదీ కర్రా ఒకటే."

హవల్దారు తల పట్టుకున్నాడు.

"నా ఖర్మ. మనుషులు దొరకలేదు. దొరికిన సరుకేమో పనికిరానిది. పెద్ద సారుకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? అమ్మినవాడే వాళ్లను ముంచాడంటావా?"

"కాదు సార్. తుపాకులు మంచివే. ఎవరో పనితెలిసినవాళ్లు దారిలో ఒక్కోటీ విప్పి, పిన్ను తీసేసి, మళ్లీ బిగించారు."

అంతలో సిపాయి లోపలికి వచ్చాడు.

"శవాన్ని సోదా చేశాం సార్. నడుముకు ఇది కట్టుకున్నాడు."

చిన్న గుడ్డమూట. హవల్దారు విసుగ్గా ముడి విప్పాడు.

సన్నటి ఇనప పుల్లలు గలగలమంటూ బల్ల మీద దొర్లాయి, మెకానిక్కు వాటిని ఒక్కో తుపాకీ పక్కన ఒక్కోటి పెట్టుకుంటూ పోతే, చివరి తుపాకీ దాకా సరిగ్గా సరిపోయాయి.