ముందు దాని బర్రెను చూడు

ఊళ్లో పశువులకు మందులిచ్చే గోపాలమిత్ర రూప్‌సింగ్ బండి దిగి, సంచిలోంచి కొత్త మెటల్ డిటెక్టర్ బయటికి తీయగానే ఆరోగ్యమ్మ ఎదురొచ్చింది.

"ముందు అక్సా బర్రెను చూడు" అంది.

రూప్‌సింగ్‌కు అర్థం కాలేదు. తన బర్రె మేత ముట్టడం లేదని పొద్దున ఫోన్ చేసింది ఆరోగ్యమ్మే. నాలుగు రోజులుగా అది తల వేలాడేసుకుని నిలబడి ఉంది. పక్క కొట్టంలో ఆమె తోడికోడలు అక్సా బర్రె నిక్షేపంగా నెమరేస్తోంది.

"నాదానికి ఎండదెబ్బ తగిలినట్టుంది. నీ మిషన్ కొత్తది గదా తమ్మీ. మంచిగున్నదాని మీద నేర్చుకో" అంది.

ఆ మాట అతనికి నచ్చింది. పశువుల దవాఖానాకు ఆ మిషన్ వచ్చి రెండు రోజులే అయింది. పోయిన నెల అడవి అంచున మేసే బర్రె ఒకటి చచ్చిపోతే, కోసి చూసినప్పుడు కడుపులో కంచె తీగ ముక్క దొరికింది. పశువులు నమలకుండా మింగేస్తాయి. మింగిన ఇనుము గుండె దాకా గుచ్చుకుపోతే ఇక చేసేదేమీ లేదు. ముందే పసిగడితే ఖమ్మం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించొచ్చు.

అక్సా బర్రె దగ్గర మిషన్ ఆన్ చేయగానే కూసింది. బర్రె మెడలో గంట తీసేశారు. మళ్లీ కూసింది. గొలుసు విప్పి తాడు కట్టారు. అయినా కూసింది. ఈసారి రూప్‌సింగ్ తన బెల్టు విప్పి, జేబులో ఫోన్ తీసి అక్సా చేతికిచ్చాడు. అరుగు మీద కూర్చున్న అత్త నవ్వింది.

"మా జకర్యా పొట్ట మీద పెట్టు కొడుకా. వాడు మింగినయన్నీ బయటపడతయి."

జకర్యా ఆమె పెద్దకొడుకు, ఆరోగ్యమ్మ మొగుడు. మరో రోజైతే ఆరోగ్యమ్మ కూడా నవ్వేదే.

ఆ రెండు బర్రెలనూ ఒకే రోజు, ఒకే సంతలో కొన్నారు. పెద్దకోడలు కాబట్టి ముందు ఎంచుకున్నది ఆరోగ్యమ్మే. కొమ్ములు చూసింది, పళ్లు చూసింది, పొదుగు తడిమి చూసింది. ఆమె వద్దన్నదాన్ని అక్సా తోలుకొచ్చింది. ఆ వద్దన్నదే ఇప్పుడు పూటకు ఆరు లీటర్లు ఇస్తోంది. ఆరోగ్యమ్మది మూడు దాటదు.

పాల కేంద్రంలో వెన్న శాతం చూసేవాడు అక్సా క్యాన్ రాగానే ముఖం విప్పుతాడు. అత్తకు అక్సా పాలతో పెడితేనే టీ. మొన్న ప్రార్థనకొచ్చిన పాస్టరు గారు భోజనంలో చిన్నకోడలి పెరుగు అడిగి మరీ వేయించుకున్నారు. ఆ పూట ఆరోగ్యమ్మకు అన్నం సయించలేదు.

అక్సా ఎదురు తిరిగి ఒక్క మాటైనా అని ఉంటే కాస్త తేలికగా ఉండేది. అది అనదు. అక్కా, అక్కా అంటూ వెంట తిరుగుతుంది. తన కొట్టం ఊడ్చాక ఈమె కొట్టంలో పేడ కూడా ఎత్తిపోస్తుంది.

ఈ ఐదు రోజులుగా అక్సా బర్రె మీద నుంచి ఆరోగ్యమ్మ చూపు కదల్లేదు. అది తింటూనే ఉంది. పాలిస్తూనే ఉంది.

రూప్‌సింగ్ ఈసారి మెల్లగా, మిషన్‌ను చర్మానికి ఆనీ ఆనకుండా, ఎడమ ముందుకాలి వెనక నుంచి పొట్ట కిందికి తిప్పాడు. ఆరోగ్యమ్మ మిషన్ దగ్గరికి వంగింది.

మిషన్ కిక్కురుమనలేదు.

"నీకింకా చేతికి రాలేదు. ఇంకోసారి పెట్టు" అంది ఆరోగ్యమ్మ.

అతను మళ్లీ పెట్టాడు. మళ్లీ నిశ్శబ్దమే.

"ఎన్నిసార్లు చూస్తవు కొడుకా? దానికేం రోగం లేదు. కండ్లు పడకుంటే అంతే చాలు" అంది అత్త, పెద్దకోడలి వైపు చూడకుండా.

రూప్‌సింగ్ ఆరోగ్యమ్మ కొట్టంలోకి నడిచాడు. అప్పటికి అతని చెయ్యి కుదిరింది. ఎవరూ చెప్పకుండానే గంట తీశాడు, గొలుసు విప్పాడు. మిషన్ ముందుకాలి దగ్గరికి వచ్చిందో లేదో, కూత మొదలైంది.

ఆపి, మళ్లీ ఆన్ చేశాడు. అదే చోట అదే కూత. పిడికిలితో అక్కడ మెల్లగా నొక్కితే బర్రె మూలిగింది.

"ఇనుమే అక్కా. ఒకటి గాదు, చాన ఉన్నట్టున్నయి. జల్దీ ట్రాలీ మాట్లాడుర్రి. ఖమ్మం తీసుకపోవాలె. గుండెకు తగలకుంటే బతుకుతది. నేనైతే మాట ఇయ్యలేను."

ఆరోగ్యమ్మ అతని చేతిలోంచి మిషన్ లాక్కున్నంత పని చేసింది. తప్పు చూపిస్తున్నదంది. తన దాణా తనే జల్లెడ పట్టి, చేత్తో కలిపి పెడుతుందట. అందులోకి ఇనుము ఎక్కడి నుంచి వస్తుందట. ఆ బర్రె పోతే తన ఇల్లు గడిచేదెట్లాగంది.

అక్సా ఏడుస్తూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదే అక్కా. ఐదు దినాల కింద నువ్వు కల్లూరు మీ చెల్లెలింటికి పోయిన పొద్దు నీ బర్రె ఆకలికి ఒకటే అరిసింది. చూడలేక, నా బర్రెకు రాత్రే కలిపి పెట్టిన తవుడు తొట్టి దానికే పెట్టిన. దాంట్ల ఏమన్న పడ్డదేమో. నేను చూసుకోలే."

"తెలిసి చేసినవా బిడ్డా, ఏడ్వకు" అంది అత్త.

ఆరోగ్యమ్మ చెయ్యి విడిపించుకుంది. రూప్‌సింగ్ ట్రాలీవాడికి ఫోన్ చేస్తున్నాడు. అక్సా ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, నన్ను కొట్టు అక్కా, ఏమన్నా అను అని బతిమాలుతోంది.

ఆ తెల్లవారుజామున ఎవరూ లేవకముందే అక్సా తవుడు తొట్టిలో గుప్పెడు మేకులు కలిపి, మొదటి బస్సుకే కల్లూరు వెళ్లిపోయింది ఆరోగ్యమ్మే.