పిడికెడు

నరసింహులు ఒక్క గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

"ఏందప్పా యాకోబూ ఇది? గొంతు మండిపోతాంది."

"సొంటి టీనే అన్నా. మాయమ్మ చెప్పినట్లే కాసినా."

"మీయమ్మ టీ నాకు తెలీదా? ఆయమ్మ ఉన్నప్పుడు నంద్యాల కాన్నుంచి నోరు కట్టుకొని వస్తాంటి, ఈడ తాగాలని. ఇది ఆ టీ కాదు."

నరసింహులు నంద్యాల బస్సు డ్రైవరు. ఆళ్ళగడ్డలో ఈ టీ బంకు ముందు అతను బస్సు ఆపితేనే జనం దిగుతారు. దిగితేనే యాకోబు ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. యాకోబు తల్లి సారమ్మ పోయిన నాటి నుంచి దిగినవాళ్ళు దిగినట్టే మొహం చిట్లించుకొని ఎక్కుతున్నారు.

"ఇంగో వారం చూస్తా," అన్నాడు నరసింహులు. "నీకోసరం గాదు, ఆయమ్మ కోసరం. ఆపైన సుందరరాజు హోటలు కాడ ఆపుకుంటా. ప్యాసింజర్లు నన్ను తిడతాండారు."

బస్సు వెళ్ళిపోయింది. లూదియా మిగిలిపోయిన గ్లాసులు ఎత్తుతూ మొగుడి వైపు చూసింది.

"మిరియాలు తగ్గించమంటే ఇనవు."

"అమ్మ ఏం చెప్పింది? సోలెడు ధనియాలు, గిద్దెడు జీలకర్ర. మిరియాలు పిడికెడు, సొంటి పిడికెడు, సుగంధి వేరు పిడికెడు. పానం పొయ్యే ముందు గూడా అదే మాట. 'పిడికెడంటే పిడికెడే నాయనా, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు' అనె. నువ్వూ ఇంటివి గదా."

విన్నది. కాదనలేకపోయింది. యాకోబుకు అమ్మ మాటంటే ఆదివారం గుడిలో చదివే వాక్యమే. పొల్లు పోకూడదు.

అయినా ఆకలి ఎంతటివాడి చేతనైనా దిద్దుబాట్లు చేయిస్తుంది. మర్నాడు మిరియాలు తగ్గించాడు. సుగంధి వేరు వాసన పైకి లేచి టీ కాస్తా మందునీళ్ళయింది. వేరు తగ్గించాడు. సొంటి ఘాటు నాలుకను పట్టుకొని వదల్లేదు. మూడూ చిటికెడుకు తగ్గిస్తే చివరికి ధనియాల నీళ్ళు మిగిలాయి. కాచిన ప్రతిసారీ ముందు తను తాగేవాడు, తర్వాత లూదియా తాగేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని గిన్నె కాలవలో ఒంపేవాళ్ళు. ఆ వారం ఆళ్ళగడ్డలో సొంటి టీ ఎక్కువ తాగింది ఆ కాలవే.

నరసింహులు మాట మీద నిలబడే మనిషి. గడువు తీరగానే అతని బస్సు బంకు దాటి పోయింది. హారను కూడా కొట్టలేదు.

"బేతంచెర్లకు పోతా," అన్నాడు యాకోబు. "బండల లారీకి మనుషులు కావాలంట."

లూదియా చేతిలో పని ఆపేసింది. "నీకేమన్నా మతి పోయిందా? మీయమ్మ కుడిచెయ్యి ఆడ నలిగిందే గదా. కడదాకా మూడు వేళ్ళతోనే బతికె. కళ్ళతో చూసి గూడా ఆ బండల కిందికే పోతావా?"

"ఇంటికాడ కూచుంటే పిల్లోళ్ళు ఏం తింటారు మే?"

బంకును సుందరరాజు కొనుక్కున్నాడు, కట్టెలు వేసుకోవడానికి పనికొస్తుందని. యాకోబు సద్ది మూట కట్టుకొని బస్సెక్కాడు.

పట్టుమని రెండు నెలలు కాలేదు. లారీలోంచి దించుతుంటే నాపబండ జారి కుడిచేతి మీద పడింది. నంద్యాల ఆస్పత్రిలో ఉండి, కట్టు విప్పించుకొని ఇంటికొచ్చాడు. ఆ చేతితో ఇక బండలు ఎత్తలేవు పో అన్నారు పనిలో పెట్టుకున్నవాళ్ళు. సంగతి తెలిసి నరసింహులు అరటిపండ్లు పట్టుకొని చూడటానికి వచ్చాడు. గడప దగ్గరే కూర్చున్నాడు. లూదియా గోడకు ఆనుకొని కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది.

"టీ తాగి పో అన్నా," అంటూ యాకోబు లేచాడు.

"ఇప్పుడు నీకెందుకప్పా శ్రమ?"

"ఇంగేం పనుండాది నాకు?"

అలవాటు కొద్దీ బంకులో పెట్టే పెద్ద గిన్నెనే పొయ్యి మీద పెట్టాడు. డబ్బాల అడుగున మిగిలిన దినుసులు తీశాడు. సోలెడు ధనియాలు, గిద్దెడు జీలకర్ర పోశాడు. తగ్గించడానికీ హెచ్చించడానికీ ఇక ఓపిక లేదు. అమ్మ చెప్పింది చెప్పినట్టే తక్కినవి పిడికిలితో తీసి వేశాడు. మిరియాలు కొన్ని నేల మీద దొర్లాయి. వాటిని ఏరలేదు. బెల్లం వేసి, మరగనిచ్చి, గ్లాసులో పోసి ఇచ్చాడు.

నరసింహులు మొహమాటానికి ఒక గుక్క తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా కింద పెట్టలేదు.

"ఇదే," అన్నాడు. "మీయమ్మ టీ ఇదే. ఇన్నాళ్ళూ దీన్ని యాడ దాచిపెట్టినావప్పా?"

లూదియా లేచి వచ్చి, గరిటెతో అరచేతిలో పోసుకొని చప్పరించింది. అదే టీ. అత్త మళ్ళీ వచ్చి పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంది. బంకు పోయింది, బస్సు పోయింది, ఇప్పుడు కుదిరి ఎవరికి లాభం? ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"అప్పుడు ఎన్ని తగ్గించినా కుదర్లేదే. ఈసారి ఏం తగ్గించినావు?"

యాకోబు తన కుడిచేతిని వెలుతురుకు ఎత్తి, ముడిచి చూసుకున్నాడు.

"రెండు వేళ్ళు," అన్నాడు.